పాత హోమ్ కంప్యూటర్‌ని నెట్‌కి కలపాలంటే: ఏ దారి ఎవరికి?

అటారీ 800 వచ్చింది 1979లో. బీబీసీ మైక్రో 1981లో, కమడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ రెండూ 1982లో. వీటిలో ఏదో ఒకటి మీ చేతికొచ్చి, దుమ్ము దులిపి ఆన్ చేస్తే స్క్రీన్ వెలిగిందనుకోండి. రెండు మూడు ఆటలు ఆడాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: దీన్ని ఇంట్లో వైఫైకి కలపొచ్చా?

కలపొచ్చు. లోపల ఒక్క వైరు కోయకుండా, చాలావాటిని పెట్టె కూడా విప్పకుండా కలపొచ్చు. అయితే దారులు నాలుగైదు ఉన్నాయి. అన్నిటి మీదా ‘ఇంటర్నెట్ కోసం’ అనే రాసి ఉంటుంది గానీ, కలిపాక మీరు చేయగలిగే పని ఒక్కోదాంతో ఒక్కోలా ఉంటుంది. మీకు కావాల్సింది ఒకటైతే కొన్నది ఇంకోటైనప్పుడు ఆ మెషీన్ మళ్ళీ అటకెక్కుతుంది. అలా కాకూడదనే ఈ వ్యాసం.

మన దగ్గరికి ఈ మెషీన్లు రెండు రకాలుగా వచ్చాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద బడులకు బీబీసీ మైక్రోలు వెళ్ళాయి. సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ దాన్నే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేసింది కూడా. ఇక రెండోది, అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్ళు సెకండ్‌హ్యాండ్‌లో కొని సూట్‌కేసులో పెట్టుకొచ్చేవి. ఈ రెండో రకానికి కరెంటు దగ్గర ఒక ప్రమాదం ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

నెట్ పని ఎవరు చేయాలి? నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. వైఫై పాస్‌వర్డ్ ఇవ్వడం, టీసీపీ/ఐపీ (నెట్‌లో డేటా పంపుకునే నియమాలు) నడపడం, సైట్లు అడిగే ఎన్‌క్రిప్షన్ (డేటాను రహస్య సంకేతాల్లోకి మార్చడం) చేయడం, ఈ పనులన్నీ ఎక్కడో ఒకచోట జరగాలి. పాత కంప్యూటరే చేయొచ్చు, మధ్యలో పెట్టే అడాప్టర్ చేయొచ్చు, లేదా పక్కన కూర్చున్న ఇంకో కంప్యూటర్ చేయొచ్చు. కమడోర్ 64 ప్రాసెసర్ వేగం దాదాపు 1 మెగాహెర్ట్జ్, మెమరీ 64 కేబీ. టీసీపీ/ఐపీ వరకు అది మోయగలదు. కానీ ఎన్‌క్రిప్షన్‌తో నడిచే ఇప్పటి హెచ్‌టీటీపీఎస్ సైట్ అడిగే గణితం దానికి శక్తికి మించిన పని. కాబట్టి ‘మామూలు వెబ్‌సైట్లు చూడాలి’ అనుకుంటే ఆ పని వేరే ఎవరో చేసిపెట్టాల్సిందే. ‘నా పాత మెషీనే సొంతంగా ప్యాకెట్లు (నెట్‌లో తిరిగే డేటా ముక్కలు) పంపాలి’ అనుకుంటే దారి వేరు.

మెషీన్‌కి ఏ పోర్టు ఉంది? బీబీసీ మైక్రోకి వెనకాల సీరియల్ పోర్టు ఉంది. కమడోర్ 64కి యూజర్ పోర్టు, కార్ట్రిడ్జ్ పోర్టు ఉన్నాయి. ఆపిల్ 2ఈకి లోపల స్లాట్లు ఉన్నాయి. అటారీకి డిస్క్ డ్రైవ్, ప్రింటర్ లాంటివి తగిలే ఎస్‌ఐఓ పోర్టు. 48కే స్పెక్ట్రమ్‌కి వెనక ఎడ్జ్ కనెక్టర్ తప్ప సీరియల్ లేనే లేదు, 1983లో వచ్చిన ఇంటర్‌ఫేస్ 1 తగిలిస్తేనే వస్తుంది.

ఎంత వేగం కావాలి? సీరియల్ లైన్‌లో ఒక అక్షరానికి మామూలుగా 10 బిట్లు పడతాయి. వరుసకు 40 అక్షరాలు, 25 వరుసలు అంటే స్క్రీన్ నిండటానికి 1000 అక్షరాలు. 300 బాడ్‌లో (సెకనుకు 300 బిట్లు) అది 33 సెకన్లు, 1200లో 8 సెకన్ల పైన, 9600లో దాదాపు ఒక్క సెకను. చదువుకోవడానికి 1200 బాగానే ఉంటుంది, కళ్ళు కూడా ఆ వేగంతోనే నడుస్తాయి. ఫైళ్ళు దించడం మాత్రం అలా కాదు. కమడోర్ ఫ్లాపీ ఒకటి 170 కేబీ. 1200లో ఎంత తక్కువన్నా 24 నిమిషాలు, 9600లో 3 నిమిషాలు.

మొదటి ప్రోగ్రామ్ ఎలా ఎక్కుతుంది? దీన్ని చాలామంది మర్చిపోతారు. మోడెమ్ కొన్నారు, తగిలించారు. అవతలి కంప్యూటర్‌తో అక్షరాల్లో మాట్లాడే టెర్మినల్ ప్రోగ్రామ్ ఏది? అది నెట్‌లో ఉంది. నెట్‌కి వెళ్ళాలంటే టెర్మినల్ ప్రోగ్రామ్ కావాలి. ఈ ముడి విప్పడానికి ఎస్‌డీ కార్డు డ్రైవ్ గానీ, బీబీసీ, స్పెక్ట్రమ్ లాంటివాటికైతే ఫోన్ హెడ్‌ఫోన్ పిన్ను నుంచి క్యాసెట్ పోర్టుకి ఆడియో కేబుల్ గానీ ముందే చేతిలో ఉండాలి.

కరెంటు. కమడోర్ 64 అసలు అడాప్టర్‌లో 5 వోల్టుల రెగ్యులేటర్ పాతబడి చెడితే వోల్టేజీ పైకి పోతుంది, దాంతో మెమరీ చిప్పులు పోతాయి. నెట్‌కి ఏదైనా తగిలించే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. 5.25 దాటితే ఆ అడాప్టర్‌ని పక్కన పడేయండి. అమెరికా నుంచి తెచ్చిన అడాప్టర్ 120 వోల్టులది. దాన్ని మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే అంతే సంగతులు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. కమడోర్‌కి 5 వోల్టుల డీసీతో పాటు 9 వోల్టుల ఏసీ కూడా కావాలి కాబట్టి ఫోన్ చార్జర్‌తో పని జరగదు. అటారీ 800ఎక్స్‌ఎల్‌కి 5 వోల్టుల డీసీ ఒక్కటే చాలు, దానికి కొత్త అడాప్టర్ కట్టుకోవడం తేలిక. స్పెక్ట్రమ్ పవర్ పిన్ను మధ్యలో నెగటివ్. మార్కెట్లో దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. చూడకుండా పెట్టకండి.

## వైఫై మోడెమ్

ఇందులో ఉండేది ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై చిప్పు. పాత కంప్యూటర్‌కి ఇది 1980ల నాటి టెలిఫోన్ మోడెమ్‌లా కనిపిస్తుంది. హేస్ కంపెనీ 1981 స్మార్ట్‌మోడెమ్‌తో తెచ్చిన ఏటీ కమాండ్లే దీనికీ. అప్పట్లో ‘ఏటీడీటీ’ కొట్టి ఫోన్ నంబర్ ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నంబర్ చోట సర్వర్ పేరు, ఒక కోలన్, పోర్ట్ నంబర్ కొడతారు. క్షణం ఆగి ‘కనెక్ట్’ అని వస్తుంది, ఆ తర్వాత అవతలి బీబీఎస్ (బులెటిన్ బోర్డు, అంటే జనం సందేశాలు, ఫైళ్ళు పంచుకునే పాతకాలపు సర్వీసు) స్వాగతం ఒక్కో అక్షరంగా ఎడమ నుంచి కుడికి పరుచుకుంటూ దిగుతుంది. కమడోర్ బొమ్మల అక్షరాలతో, రంగులతో నడిచే బులెటిన్ బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. ఈ అభిరుచిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

కమడోర్ 64లో సొంతంగా ఉన్న సీరియల్ రొటీన్లతో 1200 దాకా నిశ్చింత. యూపీ9600 పద్ధతిలో వైరింగ్ ఉన్న మోడెమ్, దాన్ని ఎరిగిన టెర్మినల్ ప్రోగ్రామ్ ఉంటే అదే యూజర్ పోర్టు మీద 9600 వస్తుంది. కొనేటప్పుడు ఈ ఒక్క మాట అడిగి కొనండి. టెర్మినల్‌గా సీసీజీఎంఎస్ బాగుంటుంది, వేగాలన్నీ అందులోనే ఎంచుకోవచ్చు.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. కమడోర్ యూజర్ పోర్టు 5 వోల్టుల పిన్ను నుంచి తీసుకోదగ్గది 100 మిల్లీయాంపులే. వైఫై చిప్పు డేటా పంపే క్షణాల్లో అంతకంటే ఎక్కువ లాగుతుంది. కనెక్షన్ ఉన్నట్టుండి తెగుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. మోడెమ్‌కి విడిగా యూఎస్‌బీ పవర్ ఇవ్వండి. గ్రౌండ్ మాత్రం రెంటికీ ఒకటే ఉండాలి, రెండు 5 వోల్టుల లైన్లను కలపకూడదు. ఇక రెండోది: చవక బోర్డులకు తప్పుగా పెట్టకుండా ఆపే గాడి ఉండదు. ఆ పోర్టులో 10, 11 పిన్నుల మీద 9 వోల్టుల ఏసీ ఉంది. బోర్డు తలకిందులుగా దూరితే ఆ ఏసీ సరిగ్గా బోర్డు డేటా పిన్నుల మీదికే వస్తుంది. బోర్డు పైభాగం మీద మార్కర్‌తో ‘పైకి’ అని రాసుకోండి.

సొంతంగా సోల్డరింగ్ చేసుకునేవాళ్ళకు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఈఎస్‌పీ8266 బోర్డు, లెవెల్ షిఫ్టర్ కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తాయి. జీమోడెమ్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (చిప్పు లోపల నడిచే ప్రోగ్రామ్) ఎక్కించుకోవచ్చు. చిప్పు 3.3 వోల్టులది, కమడోర్ 5 వోల్టులది కాబట్టి లెవెల్ షిఫ్టర్ మానేయకండి.

## సీరియల్ కేబుల్, పక్కన రాస్ప్‌బెర్రీ పై

బీబీసీ మైక్రో, ఆపిల్ 2 ఉన్నవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న లినక్స్ కంప్యూటర్‌కి (ఇకపై దీన్నే ‘పై’ అంటాను) యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తగిలించి, అవతలి కొస పాత మెషీన్‌కి. పైలో టీసీపీసర్ అనే ప్రోగ్రామ్ నడిపితే అదే వైఫై మోడెమ్‌లా పనిచేస్తుంది. లేదా సీరియల్ లైన్ మీద లాగిన్ తెరిస్తే మీ బీబీసీ మైక్రో నేరుగా లినక్స్ టెర్మినల్ అయిపోతుంది. మెయిల్ చూడొచ్చు, టెక్స్ట్ బ్రౌజర్‌లో వికీపీడియా చదవొచ్చు. ఎన్‌క్రిప్షన్ అంతా పై చూసుకుంటుంది.

బీబీసీ మైక్రోలో స్టార్ ఎఫ్‌ఎక్స్ 7,7 కొడితే వచ్చే డేటా వేగం, స్టార్ ఎఫ్‌ఎక్స్ 8,7 కొడితే పోయే డేటా వేగం 9600 అవుతాయి. వెనకున్న ఐదు పిన్నుల ప్లగ్ ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. ఏమీ రాకపోతే కేబుల్‌ని తప్పు పట్టే ముందు ప్లగ్ తిప్పి పెట్టి చూడండి. ‘ఆగు, పంపు’ అని చెప్పుకునే ఆర్‌టీఎస్, సీటీఎస్ వైర్లు కూడా కలపండి. అవి లేకపోతే స్క్రీన్ పైకి జరిగే క్షణంలో అక్షరాలు రాలిపోతాయి. ‘పై’ బోర్డు మీది జీపీఐఓ పిన్నులకు మాత్రం పాత సీరియల్ లైన్ నేరుగా కలపొద్దు, అవి 3.3 వోల్టులకు మించి తట్టుకోవు.

బీబీసీ వాళ్ళకు ఇంకో అదృష్టం ఉంది. దాని మోడ్ 7 స్క్రీన్, బ్రిటన్‌లో ఫోన్ లైన్ల మీద నడిచిన ప్రెస్టెల్ సర్వీసు స్క్రీన్ ఒకే రకం. టెల్‌స్టార్ లాంటి సర్వీసులు ఆ పేజీల పద్ధతిని ఇప్పుడు నెట్ మీద నడుపుతున్నాయి. అసలు మెషీన్ మీద, అసలు రంగుల్లో చూస్తే ఆ ఆనందమే వేరు.

ఆపిల్ 2లో సూపర్ సీరియల్ కార్డు 19200 దాకా వెళ్తుంది. ఏడీటీప్రో అనే ప్రోగ్రామ్ అదే కేబుల్ మీద డిస్క్ ఇమేజీలు (ఫ్లాపీల నకలు ఫైళ్ళు) అటూ ఇటూ పంపుతుంది. చేతిలో ఒక్క ఫ్లాపీ లేకపోయినా తనను తానే సీరియల్ మీదుగా ఎక్కించుకోగలదు. మొదటి ప్రోగ్రామ్ ముడి ఇక్కడ తేలిగ్గా విడిపోతుంది.

తెలుగు పేజీలు చూడాలని ఆశ ఉంటే ముందే చెప్తున్నాను: ఈ మెషీన్లలో చాలావాటి అక్షరం 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గడిలో కూర్చోవాలి. మన గుణింతాలకే ఇరుకు, వత్తులకు అసలు చోటే లేదు. ‘పై’ ఉన్నవాళ్ళు చిన్న స్క్రిప్టు రాసి తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి పంపుకోవచ్చు. మిగతా దారుల్లో ఈ వెసులుబాటు కష్టం.

## ఈథర్‌నెట్ కార్డులు

పాత మెషీన్ తనే నెట్‌లో ఒక సభ్యురాలు కావాలి, దానికంటూ సొంత ఐపీ అడ్రస్ ఉండాలి అనుకునేవాళ్ళ దారి ఇది. ఇందులో రెండు జాతులున్నాయి. కమడోర్ ఆర్‌ఆర్‌నెట్‌లో సీఎస్8900ఏ చిప్పు ఉంటుంది. అది ఫ్రేములు (కేబుల్ మీద వెళ్ళే డేటా కట్టలు) పంపి తీసుకోవడం వరకే, టీసీపీ/ఐపీ అంతా కమడోరే చేయాలి. స్పెక్ట్రమ్‌కి వచ్చే స్పెక్ట్రానెట్‌లో, ఆపిల్ 2 యూథర్‌నెట్ 2లో విజ్‌నెట్ డబ్ల్యూ5100 చిప్పు ఉంటుంది. టీసీపీ దాని లోపలే జరిగిపోతుంది, ఒకేసారి నాలుగు కనెక్షన్లు తెరవొచ్చు.

స్వీడన్‌కి చెందిన ఆడమ్ డంకెల్స్ 2003లో విడుదల చేసిన కాంటికి ఆపరేటింగ్ సిస్టమ్ కమడోర్ 64 మీదే వెబ్ బ్రౌజర్ నడిపి చూపించింది. తర్వాత అదే కాంటికి చిన్న చిన్న సెన్సర్ పరికరాల్లోకి వెళ్ళింది. కమడోర్ 64, ఆపిల్ 2 లాంటివాటిలో ఉండే 6502 రకం ప్రాసెసర్ కోసం ఐపీ65 అనే లైబ్రరీ కూడా ఉంది. అసెంబ్లీ, సీ తెలిసినవాళ్ళకు ప్యాకెట్ లోపల ఏముంటుందో ఒక్కో బైటూ చూసి నేర్చుకునే అవకాశం ఇంత బాగా ఇంకెక్కడా రాదు.

అయితే దీనికి రాసిన సాఫ్ట్‌వేరే దీంతో పనిచేస్తుంది, మామూలు టెర్మినల్ ప్రోగ్రామ్ దీన్ని గుర్తించదు. రౌటర్ నుంచి కేబుల్ లాగాలి. ప్రోగ్రామింగ్ ఇష్టం లేనివాళ్ళు కొంటే పది రోజుల్లో చేయడానికి ఏమీ ఉండదు. స్పెక్ట్రానెట్ దీనికి కొంత మినహాయింపు. దానికోసం తయారైన టీఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ పద్ధతితో దూరంలో ఉన్న సర్వర్ నుంచి ఆటలు నేరుగా లోడ్ చేసుకోవచ్చు. స్పెక్ట్రమ్‌లో ఏది తగిలించినా, తీసినా పవర్ తీసేశాకే.

అమిగా 600, 1200 ఉన్నవాళ్ళ దారి ఇంకా తేలిక. పక్కనున్న పీసీఎంసీఐఏ స్లాట్‌లో పాత 16 బిట్ నెట్‌వర్క్ కార్డు, తగిన డ్రైవర్ ఉంటే చాలు.

## ఫుజీనెట్

అటారీ 8 బిట్ మెషీన్ ఉంటే నా సలహా ఒక్కటే, ఇంకేమీ చూడకుండా ఇది తీసుకోండి. ఈఎస్‌పీ32 చిప్పుతో చేసిన చిన్న డబ్బా ఎస్‌ఐఓ పోర్టుకి తగులుతుంది. ఆ పోర్టును రూపొందించిన జో డెక్యూర్ తర్వాత కాలంలో యూఎస్‌బీ పనిలోనూ పాలుపంచుకున్నారు. పరికరాలన్నీ ఒకే వరుసలో తగిలి, ఒక్కోటి తన పేరు చెప్పుకునే ఆ పద్ధతి వల్లే ఫుజీనెట్ ఇంత చక్కగా ఇమిడింది.

ఇది ఒకేసారి డిస్క్ డ్రైవ్, ప్రింటర్, మోడెమ్, నెట్‌వర్క్ పరికరం. అటారీ ఆన్ చేయగానే తన సెట్టింగుల ప్రోగ్రామ్ తనే పంపుతుంది కాబట్టి మొదటి ప్రోగ్రామ్ ముడి అసలు లేదు. వైఫై ఎంచుకుని, పాస్‌వర్డ్ కొట్టి, టీఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో ఉన్న డిస్కు ఎంచుకుంటే అది ఎక్కుతుంది. ప్రింట్ ఇస్తే పీడీఎఫ్ వస్తుంది. బేసిక్‌లో ప్రోగ్రామ్ రాసేవాళ్ళకు ‘ఎన్’ అనే పరికరం ఉంది. ఫైల్ తెరిచినట్టే దాంతో వెబ్ చిరునామా తెరవొచ్చు, ఎన్‌క్రిప్షన్ ఈఎస్‌పీ32 చూసుకుంటుంది, జేసన్ (వెబ్ సర్వీసులు డేటా పంపే ఒక పద్ధతి) డేటా విడదీసి కూడా ఇస్తుంది. వాతావరణం తెచ్చి చూపించే ప్రోగ్రామ్ బేసిక్‌లో రాయడం బడి పిల్లలకు కూడా సాధ్యమే.

డిజైన్ అంతా ఓపెన్ కాబట్టి సొంతంగా చేసుకోవచ్చు. ఆపిల్ 2, కోలెకో ఆడమ్‌లకు కూడా వచ్చింది. కమడోర్ వైపు ఇలాంటి పరికరమే మీట్‌లోఫ్ ఉంది.

## అల్టిమేట్ కార్ట్రిడ్జ్

ఇది ముఖ్యంగా కమడోర్ 64 కోసం. అల్టిమేట్-2 ప్లస్‌లో ఎఫ్‌పీజీఏ (వేరే చిప్పుల్లా మారగలిగే చిప్పు), ఈథర్‌నెట్ పోర్టు ఉంటాయి. ఫ్లాపీ డ్రైవ్‌ని అచ్చంగా అనుకరిస్తుంది, మెమరీ పెంచుతుంది, స్విఫ్ట్‌లింక్ అనే పాత సీరియల్ కార్ట్రిడ్జ్‌కి తగిలించిన మోడెమ్‌లా కూడా నటిస్తుంది. స్విఫ్ట్‌లింక్ వేగం 38400. ఎఫ్‌టీపీ అనే ఫైళ్ళు పంపే పద్ధతితో మీ ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్ళు పంపుకోవచ్చు. విడిగా ఎస్‌డీ డ్రైవ్, మోడెమ్, మెమరీ కార్ట్రిడ్జ్ కొనే ఆలోచన ఉంటే ఈ ఒక్కటీ కొనడమే నయం. ఒట్టి బీబీఎస్‌ల కోసమైతే ఇంత ఖర్చు అక్కర్లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | వైఫై మోడెమ్ | సీరియల్ + పై | ఈథర్‌నెట్ కార్డు | ఫుజీనెట్ | అల్టిమేట్ |
|---|---|---|---|---|---|
| నెట్ పని చేసేది | అడాప్టర్ | పక్క కంప్యూటర్ | పాత మెషీన్ లేదా కార్డులోని చిప్పు | అడాప్టర్ | కార్ట్రిడ్జ్ |
| బాగా సరిపోయే మెషీన్ | కమడోర్ 64 | బీబీసీ, ఆపిల్ 2 | స్పెక్ట్రమ్, ఆపిల్ 2, కమడోర్ | అటారీ | కమడోర్ 64 |
| బీబీఎస్‌లు | చాలా బాగు | చాలా బాగు | సాఫ్ట్‌వేర్ ఉంటేనే | బాగు | చాలా బాగు |
| ఫైళ్ళు, డిస్కులు | నెమ్మది | ఫర్వాలేదు | బాగు | చాలా బాగు | చాలా బాగు |
| హెచ్‌టీటీపీఎస్ సైట్లు | మధ్యలో వేరే సర్వర్ కావాలి | వస్తాయి | మధ్యలో వేరే సర్వర్ కావాలి | ప్రోగ్రామ్ రాస్తే వస్తాయి | మధ్యలో వేరే సర్వర్ కావాలి |
| ఇక్కడ దొరకడం | తేలిక | తేలిక | తెప్పించుకోవాలి | తెప్పించుకోవాలి | తెప్పించుకోవాలి |
| ఖర్చు | వందల్లో | పై ఉంటే వందల్లో | వేలల్లో | వేలల్లో | అన్నిటికంటే ఎక్కువ |

తెప్పించుకునేవాటికి ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ కలుపుకుని లెక్క వేసుకోండి. చిన్న బోర్డుకి ఒక్కోసారి అవే అసలు ధరతో సమానం అవుతాయి. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ళతో తెప్పించుకోవడం అన్ని విధాలా మేలు.

## మీరు ఎలాంటివారు?

చిన్నప్పటి బడిలో చూసిన బీబీసీ మైక్రో మళ్ళీ దొరికి, దాన్ని ఊరికే బతికించి చూడాలనుకుంటే సీరియల్ కేబుల్, రాస్ప్‌బెర్రీ పై తీసుకోండి. కేబుల్ తప్ప కొత్తగా కొనేదేమీ ఉండకపోవచ్చు.

మనుషులతో మాట్లాడాలి, పాత బులెటిన్ బోర్డుల వాతావరణం కావాలి అనుకుంటే వైఫై మోడెమ్. ఇందులో సందేహమే లేదు.

ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లలున్నారు, వాళ్ళకు కంప్యూటర్ లోపలి సంగతి చూపించాలి అనుకుంటే ఫుజీనెట్‌తో అటారీ. బేసిక్ ప్రోగ్రామ్‌లో ఒక లైన్ మార్చగానే ఫలితం మారడం వాళ్ళు కళ్ళారా చూస్తారు.

ఉద్యోగంలో నెట్‌వర్కింగే పని, అయినా టీసీపీ ఎలా నడుస్తుందో చేత్తో రాసి చూడాలన్న కోరిక తీరలేదు అనుకునేవాళ్ళు ఈథర్‌నెట్ కార్డు దగ్గరికి రండి. సాఫ్ట్‌వేర్ తక్కువ ఉండటం మీకు లోటు అనిపించదు, రాయడానికి చోటు మిగిలింది అనిపిస్తుంది.

సేకరణ కోసం కొని ఎప్పుడో ఒకప్పుడు అమ్మే ఉద్దేశం ఉంటే పెట్టె లోపల సోల్డరింగ్ కోరే దేన్నీ ముట్టుకోకండి. పైన చెప్పినవన్నీ తగిలించి తీసేయదగ్గవే.

## కలిపేటప్పుడు రౌటర్ దగ్గర

ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 రెండూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. ఫైబర్ రౌటర్లలో 2.4, 5 రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే కొన్నిసార్లు కలవడానికి మొరాయిస్తాయి. వైఫై భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని సెట్ చేసి ఉంటే ఈఎస్‌పీ8266తో మామూలుగా పని జరగదు. రౌటర్ సెట్టింగుల్లో 2.4కి విడిగా గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, డబ్ల్యూపీఏ2 పెట్టి, పేరు, పాస్‌వర్డ్ మామూలు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలతో పెట్టండి. 1980ల కీబోర్డుల్లో కొన్ని గుర్తులు అసలు ఉండవు, కమడోర్‌లో పెద్ద, చిన్న అక్షరాల కోడ్లు మామూలు పద్ధతికి అటూ ఇటూ అవుతాయి. గెస్ట్ నెట్‌వర్క్ వల్ల ఇంకో లాభం ఉంది. బీబీఎస్‌లకు కలిపే పాత పద్ధతి టెల్నెట్‌లో పాస్‌వర్డ్ సహా అన్నీ దాపరికం లేకుండా పోతాయి, అందుకే ఆ మెషీన్‌ని ఇంట్లో మిగతా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల నుంచి విడిగా ఉంచడం మంచిది. బీబీఎస్ ఖాతాకి మీ మెయిల్ పాస్‌వర్డ్‌గానీ, బ్యాంకు పాస్‌వర్డ్‌గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు.